కౌంటరు దగ్గర చెప్పలేని మాట

ఆ ఉదయం ఇంట్లో టీ రెండుసార్లు కాగింది.

ముందు అత్తగారు లేచి తనకూ కొడుక్కూ పెట్టుకున్నారు. ఆవిడ గిన్నె కడిగి బోర్లించి తన గదిలోకి వెళ్ళాక, కోడలు వచ్చి అదే గిన్నె మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. కొడుకు ఇద్దరి టీ తాగాడు. ఏ ఒక్కటి వద్దన్నా రెండో పక్షంలో చేరినట్టవుతుందని అతనికి తెలుసు.

అతను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. నేర్పేవాడి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉండే కారు అది. ఇంట్లో అలాంటి సదుపాయం లేదు.

"నిన్న సాయంత్రం నుంచి మీ ఇద్దరూ నా ద్వారానే మాట్లాడుకుంటున్నారు," అన్నాడు. "ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా నన్నే అడుగుతున్నారు. ఉప్పు డబ్బా సంగతి నాకేం తెలుసు?"

"మీ అమ్మగారిని అడగండి," అంది కోడలు. "ఏ డబ్బా ఎక్కడ పెట్టాలో ఆవిడకి తెలుసు. ఏ మాట ఎక్కడ పెట్టాలో మాత్రం తెలీదు."

అత్తగారి గది తలుపు తెరిచే ఉంది. లోపల దుప్పటి దులుపుతున్న చప్పుడు ఆగింది.

"వినపడాలనే అన్నాను," అంది కోడలు, గొంతు తగ్గించకుండా.

అత్తగారు గుమ్మంలోకి వచ్చారు. ఆవిడ పనిచేసినన్నాళ్ళూ టెలిఫోన్ ఎక్స్చేంజీలో ఆపరేటరు. రిటైరై చాలా కాలమైనా వీధిలో అందరికీ ఆపరేటరమ్మే. గొంతు పెంచి మాట్లాడడం ఆవిడకి ఎప్పుడూ అలవాటు లేదు.

"నేను నీ పేరు ఎత్తలేదే," అన్నారు.

"పేరెందుకు అత్తయ్యా? ఆ కౌంటర్లో కూర్చునేది నేనొక్కదాన్నే. 'అక్కడ కూర్చున్నావిడ మన రోగం ఊరందరికీ వినపడేట్టు అడుగుతుంది' అన్నారు. హాల్లో ఉన్న తలకాయలన్నీ నా వైపు తిరిగాయి. బేకరీ ఆయనైతే తల చాలక కుర్చీ కూడా తిప్పుకున్నాడు."

జరిగింది అదే. వీధి చివరి క్లినిక్‌లో డాక్టరమ్మ ఈమధ్య ఒక పద్ధతి మొదలుపెట్టారు. అక్కడికి వచ్చే రోగుల్లోంచే కొందరిని పిలిచి, క్లినిక్ ఎలా నడుస్తోంది, ఏం మారిస్తే బాగుంటుంది అని అడగడం. దానికి రోగుల సంఘం అని పేరు. పేరే జబ్బుగా ఉందని జనం నవ్వుకున్నారు గానీ మొదటి సమావేశానికి బాగానే వచ్చారు. ఫోను ఎత్తరని ఒకరూ, ఫ్యాను తిరగదని ఒకరూ చెప్పాక, అత్తగారు లేచి కౌంటరు మాట ఎత్తారు.

"ఇంట్లో చెప్పుండొచ్చుగా," అంది కోడలు. "రోజూ ఒకే బల్ల దగ్గర తింటున్నాం. అమ్మాయ్, కాస్త మెల్లగా అడుగు అంటే కాదంటానా?"

"ఇంట్లో చెప్తే అత్తాకోడళ్ళ గొడవ అవుతుంది. అక్కడ చెప్తే క్లినిక్ సంగతి అవుతుంది."

"ఇప్పుడు రెండూ అయ్యాయి," అన్నాడు కొడుకు.

ఇద్దరూ అతని వైపు చూశారు. అతను కారు తాళాల కోసం జేబులు తడుముకున్నాడు.

"ఇన్నేళ్ళుగా ఆ కుర్చీలో ఉన్నాను," అంది కోడలు. "ఎవరికి ఏ మాత్ర పడదో, ఎవరింట్లో ఎవరు మంచాన పడ్డారో అంతా కడుపులో పెట్టుకున్నాను. ఒక్కరి గుట్టు బయట పెట్టానా? ఎవర్నైనా అడగండి."

"నువ్వు బయట పెట్టావని నేననలేదు. నువ్వు అడిగే చోట వాళ్ళే బయట పెట్టుకోవాల్సి వస్తోందన్నాను."

కోడలికి కోపం ఇంకాస్త పెరిగింది. టీ గ్లాసు సింకులో పెట్టి, చెప్పులు వేసుకుని, ఎవరికీ వెళ్ళొస్తానని చెప్పకుండా వెళ్ళిపోయింది.

క్లినిక్ ఒకప్పుడు ఎవరో కాపురమున్న ఇల్లు. ముందుగది వెయిటింగ్ హాలు అయింది. కౌంటరుకి చేయి చాస్తే అందేంత దూరంలో కుర్చీల వరస. పక్కన పాత తూకం మిషను, విరిగిన స్టూళ్ళు, ఖాళీ అట్టపెట్టెలు పడేసిన కొట్టుగది. ఆ వెనక డాక్టరమ్మ గది.

కోడలు బ్యాగు పెట్టేలోపే డాక్టరమ్మ పిలిచారు.

"నిన్నటి మాటకి బాధపడ్డారా?"

"లేదండీ."

"మీకు అబద్ధం చెప్పడం రాదు," అంటూ ఆవిడ చేతులు తుడుచుకున్నారు. "ఒక పని చెయ్యండి. ఈ పూట కౌంటర్లో నర్సు కూర్చుంటుంది. మీరు ఎదురుగా కుర్చీల్లో కూర్చోండి. మామూలు రోగిలాగా."

"శిక్షా అండీ?"

"మీ తర్వాత నేను కూర్చుంటాను. ఈ క్లినిక్ పెట్టినప్పట్నుంచి ఆ కుర్చీల్లో ఒక్కసారి కూడా కూర్చోలేదు నేను. నిన్న మీ అత్తగారు మాట్లాడుతుంటే ఆ సంగతి తట్టింది."

కోడలు వెళ్ళి వరసలో కూర్చుంది. కుర్చీ కాస్త ముందుకు వంగి ఉంది, జారిపోకుండా కాళ్ళు తన్నిపట్టి కూర్చోవాలి. ఇది కూడా ఎవరూ ఎప్పుడూ చెప్పలేదే అనుకుంది.

నర్సు ఆమె దగ్గర పని నేర్చుకున్న పిల్లే. ఆమె అడిగినట్టే అడిగింది. పేరు, వయసు, ఏంటి సమస్య, ఎప్పట్నుంచి. మాటలు తనవే. వేరే నోట్లోంచి వింటుంటే ఎవరినో నిలదీస్తున్నట్టు ఉన్నాయి.

ఒక పెద్దాయన కౌంటరు దగ్గరికి వెళ్ళాడు.

"ఏంటండీ సమస్య?"

ఆయన మెడ తిప్పి కుర్చీల వైపు చూశాడు. "జ్వరం."

నర్సు థర్మామీటరు పెట్టింది. "జ్వరం లేదే."

"ఇప్పుడే తగ్గింది," అన్నాడు ఆయన.

ఎవరో నవ్వారు. మామూలుగా అయితే కోడలికీ నవ్వొచ్చేది. కౌంటరు లోపల్నుంచి చూస్తే మాట్లాడే మనిషి మొహమే కనపడుతుంది. ఆ మనిషి వెనక వరసగా ఉన్న చెవులు కనపడవు. ఇక్కణ్ణుంచి ముందు వీపు కనపడుతోంది. ఏంటి సమస్య అని అడిగినప్పుడల్లా ఆ వీపు బిగుసుకుంటోంది.

కాసేపటికి ఒకమ్మాయి వచ్చింది. కుర్చీల్లో తెలిసినావిడని చూసి పలకరింపుగా తల ఊపింది. కౌంటరు దగ్గరికెళ్ళి, "డాక్టరుగారు సాయంత్రం కూడా ఉంటారా?" అని అడిగి, ఉంటారని చెప్పగానే వెళ్ళిపోయింది. నర్సు తలెత్తకుండానే తర్వాతివాళ్ళని పిలిచింది.

ఇలా టైము కనుక్కుని వెళ్ళిపోయేవాళ్ళు రోజూ ఉంటారు. ఊరికే పనీపాటా లేక అడిగిపోతారని కోడలు ఇన్నాళ్ళూ విసుక్కునేది.

అప్పుడు ఆమెకి అత్తగారు గుర్తొచ్చారు.

ఒకరోజు, "దారిలో వెళ్తూ వచ్చాను, గొడుగు మర్చిపోయావు," అంటూ ఆవిడ గొడుగు పట్టుకొచ్చారు. ఆరోజు ఎండ పెటపెటలాడుతోంది. ఇంకోరోజు ఇంటి తాళం తెచ్చారు. కోడలి దగ్గర ఒకటి ఉండనే ఉంది. వచ్చినప్పుడల్లా కౌంటరు దగ్గర నిలబడి, కుర్చీల వైపు ఓసారి చూసి, "రద్దీగా ఉందా ఇవాళ" అని వెళ్ళిపోయేవారు. పోయినసారి తానే నవ్వుతూ, అందరి ముందూ అడిగింది: "ఏంటత్తయ్యా, ఒంట్లో ఏమైనా బాగాలేదా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను," అన్నారావిడ.

కోడలు మిగతా పూటంతా ఆ వంకర కుర్చీలో ఏం విన్నదో ఆమెకి గుర్తులేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తగారు బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తున్నారు. కోడలు బ్యాగు భుజం మీద ఉండగానే వెళ్ళి పక్కన నిలబడింది.

"ఆ గొడుగు నాకోసం తేలేదు కదా అత్తయ్యా."

"ఏ గొడుగు?"

"ఎండలో తెచ్చిన గొడుగు."

అత్తగారు తువ్వాలు మడతపెట్టారు. మడత విప్పి మళ్ళీ పెట్టారు. పక్కింటి బాల్కనీలో ఎవరో మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. ఆవిడ బట్టల మోపు ఎత్తుకుని లోపలికి నడిచారు. కోడలు వెనకే వెళ్ళింది. ఆవిడ గది తలుపు వేసి, ఫ్యాను పెద్దది చేశారు.

"ఏమైంది మీకు?"

"ఇది కౌంటరా?"

"కాదు. మనిద్దరమే ఉన్నాం. ఆయన రావడానికి ఇంకా టైముంది."

మంచం అంచున కూర్చుని, బట్టల మోపు ఒళ్ళోనే పెట్టుకుని చెప్పారు. "ఆగిపోయి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. మళ్ళీ కనపడుతోంది."

కోడలికి అర్థం కావడానికి ఓ క్షణం పట్టింది.

"ఎప్పట్నుంచి?" అని అడిగాక, అది తన కౌంటరు గొంతేనని తెలిసి నాలిక కరుచుకుంది.

"చలికాలం ముందు నుంచి."

ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనపడేవాళ్ళ గురించి డాక్టరమ్మ చెప్పే మాట కోడలు చాలాసార్లు విన్నది. చాలామందిలో క్యాన్సరు లాంటిదేమీ ఉండదు, కానీ చూడకుండా ఏమీ లేదనుకోకూడదు, వెంటనే రమ్మనండి అంటారావిడ. చలికాలం పోయి, ఎండలు కూడా వచ్చేశాయి.

"రేపే వెళ్దాం," అంది. "వెనక తలుపు నుంచి తీసుకెళ్తాను. ఈగకి కూడా తెలీదు."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"నాకు కోడలుంది గనక వెనక తలుపుంది. మిగతావాళ్ళకేముంది?"

"ముందు మీ సంగతి చూద్దాం. మిగతావాళ్ళ సంగతి తర్వాత."

"ఎక్స్చేంజీలో ఉండగా జనం మాటలన్నీ నా చెవి పక్కనుంచే పోయేవి," అన్నారు అత్తగారు. "ఏడుపులూ నవ్వులూ తిట్లూ. నా మొహం వాళ్ళకి తెలీదు గనక నిశ్చింతగా మాట్లాడుకునేవాళ్ళు. జీవితమంతా మాటల మధ్య బతికినదాన్ని, నీ ముందు నిలబడితే నాకే నోరు పెగల్లేదు. నువ్వు ఏంటత్తయ్యా అన్నావు చూడు, అప్పుడైతే వచ్చిన దారినే ఇంటికొచ్చి పడ్డాను. ఇక మాటకారి కానివాళ్ళ గతేంటి?"

"అది మార్చాల్సిందే. నేను కాదనడం లేదు. కానీ మారేదాకా రోగం ఆగుతుందా? అది సంఘంలో మెంబరు కాదు."

అత్తగారి పెదవి కొస కాస్త కదిలింది. నవ్వు మాత్రం రాలేదు.

"సమావేశం మళ్ళీ ఎల్లుండే కదా," అన్నారు. "నువ్వు లేచి మాట్లాడు. నీకు కనపడింది చెప్పు. మర్నాడు నేనొస్తాను. ముందు తలుపు నుంచే."

బలవంతంగా లాక్కెళ్తే ఈ మనిషి డాక్టరమ్మ ముందు కూడా జ్వరం తగ్గిపోయిందనే రకమని కోడలికి తెలుసు. సరే అంది.

"వాడికి చెప్పకు," అన్నారు అత్తగారు. "స్టీరింగు పట్టుకునే మనిషి. బుర్రలో ఇది పెట్టుకుని బండెక్కితే నాకు నిద్ర పట్టదు. మాటివ్వు."

కోడలు మాటిచ్చింది. భోజనాల దగ్గర కొడుకు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. పొద్దుటి గొడవ ఏమైందో అతనికి అంతుపట్టలేదు. ఉప్పు డబ్బా మాత్రం అడగకుండానే బల్ల మీదికి వచ్చింది.

రెండో సమావేశానికి బేకరీ ఆయన తనంతట తనే అధ్యక్షుడయ్యాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు, బిస్కట్లు ఆయనే తెచ్చాడు.

కోడలు లేచి నిలబడింది. "మొన్న ఆ కుర్చీలో కూర్చున్నాను. అత్తయ్య చెప్పింది నిజం," అంది. బిస్కట్లు నములుతున్నవాళ్ళు తలెత్తారు. వాళ్ళు వేరే రకం సమాధానానికి సిద్ధపడి వచ్చారు. "కానీ నేను అడగడం మానేస్తే, గుండె నొప్పితో వచ్చినాయన జలుబుతో వచ్చినాయన వెనక కూర్చోవాల్సి వస్తుంది. అడగాలి. అక్కడ అడక్కూడదు. కొట్టుగది ఖాళీ చేద్దాం. కౌంటర్లో పేరు చెప్తే చాలు. మిగతాది గదిలో చెప్పుకోవచ్చు, తలుపేసుకుని."

"గదిలో ఎవరుంటారు?" అని అడిగాడు బేకరీ ఆయన.

"నేను."

వెనక వరసలోంచి ఒకాయన గొంతు సవరించుకున్నాడు. మొన్న జ్వరం అన్న పెద్దాయనే. "ఏమనుకోవద్దమ్మా. నువ్వు ఈ వీధి పిల్లవే. మా ఆవిడా నువ్వూ మాట్లాడుకుంటారు."

కోడలు మొహం ఎర్రబడింది. అత్తగారు కూర్చున్న చోటు నుంచే అన్నారు. "ఆవిడా నేనూ కూడా మాట్లాడుకుంటాం లెండి. నా కోడలు గదిలో విన్న మాట గది దాటనివ్వదు. దాటిందని మీకు తెలిస్తే వచ్చి నాకు చెప్పండి. తన పని నేను చూస్తాను."

ఇది పొగడ్తో బెదిరింపో ఎవరికీ తెలియలేదు. పెద్దాయన మాత్రం తల ఊపాడు.

మర్నాడు వస్తానన్న అత్తగారి మాట ఒక రోజు వెనక్కి జరిగింది, ఎందుకంటే గది ఖాళీ చేయడానికే ఆ రోజు సరిపోయింది. తూకం మిషను బేకరీ ఆయన మోశాడు. పెద్దాయన వచ్చి తలుపు గడియ బిగించి, బయట నిలబడి, లోపల కోడలిని మాట్లాడమని చెవి పెట్టి విన్నాడు. వినపడలేదని తేలాకే వెళ్ళాడు. కుర్చీలు ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన వేయించారు డాక్టరమ్మ.

ఆ తర్వాతి ఉదయం అత్తగారు ఇస్త్రీ బట్టలు కట్టుకుని, ముందు తలుపు నుంచే వచ్చారు.

"ఇక్కడ చెప్తారా, లోపల చెప్తారా?" అని అడిగింది నర్సు.

"లోపల."

కోడలు లేచి తలుపు వేసి, వచ్చి పక్కన కూర్చుంది. "చెప్పండి అత్తయ్యా."

"నీకు తెలుసుగా."

"ఇంట్లో చెప్పింది కోడలికి. ఇక్కడ మళ్ళీ చెప్పాలి."

అత్తగారు గోడ వైపు చూస్తూ మొదట్నుంచి చెప్పారు. ఎక్స్చేంజీలో నెంబర్లు కలిపిన గొంతుతోనే, తడబాటు లేకుండా. చివర్లో ఆగారు.

"మొన్న నీకు చెప్పనిది ఒకటుంది. చిక్కిపోయాను. నీ కంట పడకూడదని బట్టలన్నీ లోపల కుట్టు వేసి బిగించుకున్నాను."

కోడలి చేతిలో పెన్ను ఆగింది. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, రోజూ. రాయాల్సింది రాసి, తానే లోపలికెళ్ళి డాక్టరమ్మకి ఇచ్చి వచ్చింది. వరసలో ముందున్నవాళ్ళని ఆపి, డాక్టరమ్మ వెంటనే పిలిచారు.

పోతూ పోతూ అత్తగారు కోడలి భుజం మీద చేయి వేసి తీశారు. డాక్టరమ్మ గది తలుపు పడింది.

చాలాసేపు తెరుచుకోలేదు. కోడలు గోడ అవతలి మాటలు వినడానికి ప్రయత్నించలేదు. మధ్యలో ఇద్దరు ముగ్గురు వచ్చి చెప్పుకుని వెళ్ళారు. ఆమె అడిగింది, విన్నది, రాసింది. చెవి మాత్రం ఆ తలుపు చప్పుడు మీదే ఉంది.

మళ్ళీ ఎవరో లోపలికి వచ్చారు. తల వంచుకునే వచ్చి, తలుపు వేసి, గడియ పడిందో లేదో రెండోసారి లాగి చూసుకుని, ఇటు తిరక్కుండానే మాట మొదలుపెట్టాడు ఆ మనిషి.

"ముందే చెప్తున్నానండీ. ఇది మా ఇంట్లో తెలియకూడదు."

ఆ గొంతు విని కోడలు లేచి నిలబడింది. అతను తిరిగాడు. ఆమె భర్త.

"నువ్వు కౌంటర్లో లేవు," అన్నాడు. "పనిమీద బయటికెళ్ళావేమో అనుకున్నాను."

"ఇక్కడుంటున్నాను. కూర్చోండి."

"లేదు, ఊరికే..."

"ఊరికే వచ్చినవాళ్ళు గడియ రెండుసార్లు చూసుకోరు. కూర్చోండి."

అతను కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు, తీశాడు. ఆమె అడగలేదు. ఈ కొన్నాళ్ళలో ఆమె నేర్చుకున్నది అదే, కాసేపు అడక్కుండా ఉండడం.

"చీకటి పడే వేళ పక్కనుంచి వచ్చేవి కనపడట్లేదు," అన్నాడు. "ఎదురుగా బానే ఉంటుంది. పక్కలే, ఎవరో తెర లాగినట్టు. అలసటేమో అనుకున్నాను. మొన్న నేర్చుకునే అమ్మాయే కారు ఆపేసింది. చూస్తే పక్కనుంచి అడ్డంగా వచ్చిన సైకిలు మీద ఒకాయన. నాకు కనపడనేలేదు. నేను పరీక్ష పెట్టాననుకుంది పాపం. కరెక్టుగా ఆపానా సార్ అంది. కరెక్టుగా ఆపావన్నాను."

"ఆ తర్వాత కూడా పాఠాలకి వెళ్ళారా?"

అతను జేబులోని కారు తాళాల మీద చేయి పెట్టాడు. అదే జవాబు.

"వేరే పని రాదు నాకు," అన్నాడు చివరికి. "నువ్వు ఎలాగూ విన్నావు. అమ్మకి మాత్రం తెలియనివ్వకు. తట్టుకోలేదు."

ఆమె ఏదో అనబోయింది. వెనక డాక్టరమ్మ గది తలుపు తెరుచుకుంది. నడవలో అడుగులు వచ్చి ఈ తలుపు ముందు ఆగాయి. మెల్లగా తట్టిన చప్పుడు.

"అమ్మాయ్, లోపల ఎవరైనా ఉన్నారా? నీతో మాట్లాడాలి."

ఆ గొంతులో వణుకు ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ వణుకు కోడలు ఎప్పుడూ వినలేదు.

"ఉన్నారు అత్తయ్యా," అంది తలుపు వైపు తిరిగి. "కాస్త బయట కూర్చోండి. వస్తున్నాను."

భర్త అప్పటికే కుర్చీలోంచి లేచాడు. తలుపునీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు.

"అమ్మ ఇక్కడికెందుకొచ్చింది?" అని అడిగాడు.